రాజ్యలక్ష్మి గారి వంతు

నవంబరు 18, మంగళవారం. పొద్దుటి నుంచి ముసురు. డాబా మీది నీళ్ల ట్యాంకు కడిగాను.

ఫోన్‌లో గ్రూపుగా ఆడే మాటల గొలుసులో నా తర్వాతి వంతు కొండపల్లి రాజ్యలక్ష్మి గారిది. ఆవిణ్ణి ఎన్నడూ చూడలేదు. నా మాట చివరి అక్షరంతో ఆవిడ మొదలుపెట్టాలి. ఆవిడకి చూపు సరిగా ఆనదని తెలిశాక తేలికైన అక్షరాలే వదిలేవాణ్ణి. "మీరిద్దరూ ఒక జట్టా ఏంటండీ?" అని ఆట నడిపే ప్రసాద్ గారు ఏడిపించేవారు.

పొద్దున "కలువ" వేశాను. మధ్యాహ్నం ఆవిడ నంబరు నుంచి మెసేజ్. వంకాయే అయి ఉంటుందని నవ్వుకుంటూ తెరిచాను. "వ" వస్తే ఆవిడది ఎప్పుడూ అదే. వాడేసిన మాట చెల్లదని ప్రసాద్ గారు ఎన్నిసార్లు చెప్పినా వినేవారు కాదు.

"రాత్రి అమ్మ పోయిందండీ. నేను వాళ్లమ్మాయిని. మీ మాటలు నేనే చదివి వినిపించేదాన్ని. 'ఈయన నా కోసమే తేలికైంది వెతుకుతాడే' అనేది."

తెలుసన్నమాట.

సాయంత్రం ప్రసాద్ గారు అడిగారు. "ఇకనుంచి మీ తర్వాత నేనండీ. 'వ' అందుకోనా?"

"వంకాయ వేయండి. ఈ ఒక్కసారికి చెల్లనివ్వండి" అన్నాను. ఆయన అదే వేశారు. ఎవరూ కాదనలేదు.

రేపు రైతుబజారులో తేవాల్సినవి: ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, వంకాయలు.