జపాను గౌనుకు ఓబుళమ్మ చీర

కర్నూలు

పూజ్యురాలైన లక్ష్మక్కకు నీ తమ్ముడు నాగన్న పాదాలంటి రాస్తున్నది. నేనూ సుజాతా ఇక్కడ బాగున్నాం. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? బావ దగ్గు ఎట్లుంది? ఫోన్లో నీకు సరిగా వినపడదు. నేను చెప్పాల్సింది అరిచి చెప్పే మాట కాదు. అందుకే రాస్తున్నాను.

ముందు మంచి మాట. నీ మేనకోడలు సుజాతకు ఉద్యోగం వచ్చిందక్కా! హైదరాబాదులో, బొమ్మల సినిమాలు తీసే కంపెనీలో. వీధిలో ఇంటింటికీ పోయి చక్కెర పంచాను. సంతోషం పట్టలేకున్నానని అందరితో చెప్పాను. నిజంగా సంతోషమే. అయితే చెప్తున్నంతసేపూ ఎవరి సంగతో చెప్తున్నట్టు ఉండింది. నీ మరదలు ఓబుళమ్మ పోయినప్పటి నుంచీ నాకు అన్నీ ఇట్లాగే ఉన్నాయి. కర్నూలు ఎండలో నడుస్తాను, ఎండ అని తెలుస్తుంది, కాలదు. పక్కింట్లో బట్టలు కుట్టే ఖాసింబీ జొన్నరొట్టె, వంకాయ కూర పంపుతుంది. కారం సరిపోయిందా అని అడిగితే సరిపోయిందంటాను, నాలుకకు మాత్రం తెలియదు. నువ్వు బెంగ పడొద్దు, కడుపు నిండా తింటున్నాను.

ఉద్యోగం ఊరికే రాలేదు. సుజాత ఈ ఊర్లో రెండేళ్లు నేర్చుకున్నది కంప్యూటర్లో బొమ్మలకు కదలిక తెప్పించే పని. ఒక బొమ్మ వెనక ఇంకో బొమ్మ, కొంచెం కొంచెం మారుస్తూ గీస్తారు. మగ్గం మీద మనం పేక మీద పేక, అడ్డపోగు వెనక అడ్డపోగు నేసినట్టే. కంపెనీ వాళ్లు పరీక్షగా ఒక ఆడపిల్ల బొమ్మ పంపారు. జపాను దేశంలో వయసు పిల్లలు సెలవు రోజున కుచ్చుల మీద కుచ్చులున్న గౌన్లు వేసుకుని, తలకు ఇంత పెద్ద రిబ్బను కట్టి, ఆటబొమ్మల్లాగా వీధుల్లో తిరుగుతారట. అదొక ఫ్యాషనట. ఆ పిల్ల ఒక చుట్టు తిరిగి నిలబడాలి. అంతే పరీక్ష. ఖాసింబీ ఆ బొమ్మను చూసి, "ఏమన్నా, ఈ పాప దోమతెర కట్టుకోని బజారుకు పోతాండాదే" అంది. చాలా రోజుల తర్వాత సుజాత నవ్వింది.

సుజాత తన లంగా కట్టుకుని, తిరిగి చూసుకుని గీసింది. వెనక్కి పంపారు. గుడ్డ కాళ్లకు చుట్టుకుంటోందట. ఈ గౌను బోర్లించిన గంపలాగా నిలవాలట, పిల్ల ఆగినాక గుడ్డ ఒక క్షణం ఆలస్యంగా ఆగాలట. ఇంకొక్క అవకాశం ఇస్తామన్నారు. బజారు గుడ్డతో ఖాసింబీ గౌను కుట్టి ఇచ్చింది. అది జారే గుడ్డ, కుచ్చులు నిలవలేదు. పిల్ల అన్నం మాని గోడవైపు తిరిగి పడుకుంది.

నిలబడే గుడ్డ ఏదో మగ్గం మీద బతికినవాడికి తెలియదా అక్కా? గంజి పట్టిన చేనేత నూలు. అట్లాంటిది నా పెట్టెలో ఒకటే ఉంది. ఓబుళమ్మ కోసం నేను నేస్తే, ఆమె కట్టుకోకుండానే మిగిలిపోయిన చీర. సంవత్సరీకం నాడు ముత్తైదువకు పెట్టాలి, తీసుకురమ్మని నువ్వు రెండుసార్లు కబురు చేసిన చీర.

ఆ చీర తెచ్చి ముందు పెడితే ఖాసింబీ కత్తెర కింద పెట్టేసింది. "ఇది వదినె చీర గదన్నా. నేను కత్తెర పెట్టను. పెడితే నువ్వే పెట్టు."

ముత్తైదువకని తీసిపెట్టిన చీరకు మన ఇండ్లలో పిన్నీసు కూడా గుచ్చరు. నేను కత్తిరించాను. నాకేమీ అనిపించలేదక్కా. కత్తిరించినందుకు కాదు, అందుకు నన్ను తిట్టు.

గంజి పట్టించడం ఎప్పుడూ ఓబుళమ్మ పనే. ఎన్ని నీళ్లు పొయ్యాలో ఆమె చేతికి తెలుసు. నేను చిక్కగా కాచాను. ఖాసింబీ కుట్టిన గౌను తడికలాగా బిర్రబిగిసి, సుజాత అందులో కూర్చోలేకపోయింది. ఉతికి, పలచగా కాచి మళ్లీ పట్టించాను. రెండోసారి తొడుక్కున్నప్పుడు కింద అంచు చూసుకుంది.

"నాయనా, ఇది అమ్మదా?"

"అమ్మదే. తిరుగు."

తిరిగింది. ఖాసింబీ ఫోన్లో తీసింది. సుజాత ఎనిమిది రోజులు దాన్ని చూసి గీసి పంపింది. ఈసారి ఒప్పుకున్నారు.

నిన్న నాకు కంప్యూటర్లో చూపించింది. ఆ జపాను పిల్ల గౌను కింద, ఓబుళమ్మ చీర అంచే గీసిందక్కా. ఆవపూల రంగు, అంచులో నేను నేసిన గోపురాలతో సహా. పిల్ల తిరిగి ఆగింది. అంచు ఇంకొక్క ఊపు ఊగి ఆగింది. పిలిస్తే పొయ్యి దగ్గర నుంచి ఓబుళమ్మ ఇట్లాగే తిరిగేది. మళ్లీ వెయ్యమన్నాను. మళ్లీ వేసింది. ఎన్నిసార్లు చూశానో.

"నాయనా, కాలెందుకు అట్లా ఆడిస్తాండావు?" అంది సుజాత.

కిందికి చూసుకున్నాను. కుడికాలు మగ్గం తొక్కుతోంది. ఏడాదిగా ఆ కాలు నాదని కూడా నాకు తెలియదు.

గౌను తనతో హైదరాబాదు తీసుకుపోతానంది. సరే అన్నాను. కాబట్టి నీ దగ్గరికి ఆ చీర రాదు. సంవత్సరీకానికి ఇరవై రోజుల ముందే నేనొస్తాను. ఊర్లోని నా మగ్గం గుంటలో బావ కట్టెలు పోసుకున్నాడని విన్నాను, తీసేయమను. ఆవపూల రంగు నూలు చెప్పి పెట్టు. ముత్తైదువకు పెట్టే చీర నేనే నేస్తాను. గంజి మాత్రం నువ్వు దగ్గరుండి చెప్పాలి, నీళ్ల లెక్క నాకింకా కుదరలేదు.

బావకు నా నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు. సుజాత తలమీద దూరం నుంచే చెయ్యి పెట్టు. నన్ను తిట్టాక, దీవించడం మర్చిపోవద్దు.

నీ తమ్ముడు
నాగన్న