ఏడో కుప్ప మీద ఒక భర్త ఫిర్యాదు

నేల శుద్ధి విభాగం అధికారి గారి సముఖమునకు

విషయం: పేలుడు మందు తినే సూక్ష్మజీవులు నా సంసారంలో జోక్యం చేసుకొనుట గురించి.

అయ్యా,

మూతబడిన మందుగుండు కర్మాగారం ఆవరణలో మట్టి తవ్వే బండి నడుపు నేను తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. అక్కడి మట్టిలో ఇంకిన పేలుడు మందును సూక్ష్మజీవులు తిని అరిగించుకొనుచున్నవి. మట్టిని తవ్వి కుప్పలు పోయుట నా పని. ఆ కుప్పలకు నీళ్లు, చెరకు మడ్డి పట్టించి, టార్పాలిన్ కప్పి, వాటిని సాకుట ప్రయోగశాల సహాయకురాలైన నా భార్య పని. పనిపై నాకు అభ్యంతరం లేదు. సాకే పద్ధతిపై ఉన్నది.

2. సదరు సూక్ష్మజీవులను ఆమె "మా వాళ్ళు" అని వ్యవహరించుచున్నది. నా అన్నదమ్ములను ఏనాడూ అలా అనలేదు. చినుకు పడితే చాలు, తింటున్న కంచం వదిలేసి టార్పాలిన్ సర్దడానికి పరుగు. దండెం మీద తడుస్తున్న నా చొక్కాలు ఆమె కంటికి ఆనవు. ఇదేం చోద్యమని అడిగితే, "అవి విషం పెట్టినా కిక్కురుమనకుండా తింటాయి. నువ్వు అన్నం పెట్టినా వంక పెడతావు" అన్నది.

3. గత నెల నాకు జ్వరం వచ్చినది. ఆమె పొద్దున్నే థర్మామీటరు పెట్టి చూసి, హడావిడిగా డ్యూటీకి పోయి, నా ముప్పై తొమ్మిది డిగ్రీలను, కుప్పల వేడి వ్రాసే బోర్డు మీద ఏడో కుప్పకు ఎదురుగా వ్రాసినది. కుప్ప వేడెక్కితే జీవులు బాగా తింటున్నట్టు లెక్క. తమరు అది చూసి "శభాష్, ఏడో కుప్ప భలే వేడెక్కింది" అని అందరి ముందూ మెచ్చుకున్నారట. న్యాయంగా ఆ శభాష్ నాది. నేను మంచం మీద మూలుగుతుంటే పేరు మట్టికి పోయినది. పైగా ఆమె సంజాయిషీ: "పొద్దుట్నుంచీ నీ జ్వరమే బుర్రలో తిరుగుతోంది, చెయ్యి అదే రాసేసింది." నేను నమ్మలేదు. ఆ కుప్పను మళ్ళీ కొలిచి ఇంటికి వచ్చేసరికి ఆలస్యమైందని కూడా ఆ నోటితోనే చెప్పినది మరి.

4. అయ్యా, నాకు కుళ్ళు. కంటికి కనబడని దాన్ని చూసి కుళ్ళుకుంటున్నందుకు నాకే సిగ్గుగా ఉన్నది. తోటి డ్రైవర్లు నన్ను "ఏడో కుప్పకు మగ సవతి" అని పిలుచుచున్నారు.

5. ఇక్కడి మట్టి శుభ్రపడినదనియు, సూక్ష్మజీవుల పీపాలతో పాటు నా భార్యను మూడేళ్లకు వేరే ఊరి కర్మాగారానికి పంపుచున్నామనియు తమరు నిన్న ఉత్తర్వు ఇచ్చితిరి. పీపాలకు ఎండ తగలరాదని అందులో ఉన్నది. మొగుడి ఊసు లేదు. ఆమె దాన్ని చదివి, మడిచి, బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టినది. నా బట్టలు ముట్టుకోలేదు.

కావున పీపాలను మరొకరి చేతికి అప్పగించి నా భార్యను ఇక్కడే ఉంచవలెను. అది కుదరని పక్షంలో, అక్కడ కూడా మట్టి తవ్వేవాడొకడు కావలసి ఉండును గనుక, నన్నూ పంపవలెను.

ఈ మొరను నవ్వకుండా చిత్తగించవలెను.

తమ విధేయుడు (ఇంట్లోనూ అంతే),
మట్టి బండి డ్రైవరు

తా.క.: సార్, కవరు అంటించేలోపే ఆవిడ చూసేసింది. "మొదటి కోరిక కొట్టెయ్. వాటిని ఇంకొకళ్ళ చేతిలో పెట్టను" అంది. కొట్టేశాననుకోండి. రెండోది రెండుసార్లు చదివింది. "ఇది ఆఫీసుకి రాశావు సరే, నన్నెందుకు అడగలేదు?" అంది. అడిగితే వద్దంటుందేమోనని భయం సార్. తమరు పెద్దవారు, తమరు అడిగితే ఉన్నదున్నట్టు చెబుతుంది. నేను వెంట వస్తే ఆమెకు ఇష్టమేనా అని ఒక్క మాట కనుక్కోండి. కాస్త తొందరగా కనుక్కోండి సార్. కాగితం నా చేతిలో పెట్టేసి కూడా ఆవిడ ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంది, ఎందుకో మరి.