సాక్ష్యం చెప్పి పోగొట్టుకున్న బూట్లు

కృష్ణపట్నం, సోమవారం

అమ్మా, దేవుని దయ వల్ల అందరం తిని తిరుగుతున్నాం. ఫోన్లో చెబితే నీ మనవరాలు ఏంజెలిన్ వింటుందని కార్డు రాస్తున్నాను.

పిల్లలకు పరుగు నేర్పే మా ఊరి క్లబ్బుకి ప్రభుత్వ సాయం వచ్చింది. లేనివాళ్ళ పిల్లలకు బూట్లు, ఇంటికి నెలనెలా గుడ్లు, పప్పు ఇస్తారు. ఎదురింటి మార్తమ్మ కూతురు అబిగయీలుకి వచ్చాయి. నీ మనవరాలికి రాలేదు. గుడ్ల అట్టను మార్తమ్మ వీధంతా చూసేలా నెత్తిన పెట్టుకొచ్చింది. ఆ గులాబీరంగు బూట్లు కనబడినప్పుడల్లా నా కడుపు మండిపోతోంది.

క్లబ్బు చూసే రూఫస్‌ని నిలదీశాను. "దేవుడి దయతో మాకు ఏ కొదవా లేదని మొన్న చర్చిలో నువ్వే సాక్ష్యం చెప్పినావు గదక్కా! మార్తమ్మక్క ఏడ్చి చెప్పింది, ఆమె పేరు రాసినాం" అన్నాడు. నీ అల్లుడు పని లేక రెండు నెలలుగా ఇంట్లోనే ఉన్నారు. ఆ మాట పదిమందిలో చెప్పలేకే అలా చెప్పాను.

నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? బర్రె ఈనిందా? మన సంగం ఊరి నుంచి ఎవరైనా ఇటు వస్తుంటే ఏంజెలిన్‌కి రాగిపిండి పంపు. నాన్నకు మా వందనాలు.

ఒక్క మాట. నిన్న ఆరాధనలో ఏంజెలిన్ లేచి నిలబడి, అబిగయీలుకి కొత్త బూట్లు ఇచ్చినందుకు దేవుడికి స్తోత్రం చెప్పింది. అందరూ ఆమెన్ అన్నారు. నాకు నోరు పెగల్లేదు. నా బదులు అక్కడ నువ్వు అనమ్మా.

నీ కూతురు
ఆనందకుమారి