నా వైపు బ్రేకు

మార్చి 3, సోమవారం. మధ్యాహ్నం

మెకానిక్ మళ్ళీ ఫెయిలయ్యాడు.

టెస్టు గ్రౌండు గేటు దగ్గర నిలబడి చూస్తున్నాను. మా డ్రైవింగ్ స్కూలు కారు దిగి నా వైపు నడిచి వస్తున్నాడు, నవ్వుతూ. పాసయ్యాడనుకుని ఎగిరి గంతేశాను. తీరా దగ్గరికి వచ్చి, పాపం ఇన్‌స్పెక్టర్ గారు చాలా మంచాయన, ఫెయిల్ చేసేటప్పుడు కూడా ఎంత మర్యాదగా చెప్పారో అన్నాడు. ఒళ్ళు మండిపోయింది.

మొదటిసారి నాలుగు దారులు కలిసే రౌండు దగ్గర పోయింది. వచ్చే బండికల్లా దారి ఇస్తూ నిలబడిపోయాడు. చివరికి ఒక సైకిలాయన ఆగి, మీరు వెళ్ళండి అని చెయ్యి ఊపితే, ఇతను అద్దం దించి, పర్లేదండీ, మీరే వెళ్ళండి అన్నాడట. ఈసారి గొడవ అది కాదు. ఆగాల్సిన తెల్లగీతలన్నీ దాటేసి ఆగాడట. ఒక్కదాని దగ్గర కూడా సరిగ్గా ఆగలేదట. నేను పక్కన కూర్చుంటే గీత తాకకుండా ఆగే మనిషి! అక్కడికి వెళ్ళేసరికి ఏమవుతోంది ఇతనికి?

ఈ నెలాఖరులోపు లైసెన్సు రావాలి. అతను పనిచేసే లిఫ్టుల కంపెనీ వాళ్ళు సర్వీసు వ్యాన్ ఇస్తామన్నారు. ఊరంతా తిరిగి రిపేర్లు చూసుకోవాలి. లైసెన్సు లేకపోతే ఆ వ్యాన్ ఇంకొకరికి పోతుంది, ఇతన్ని వేరే ఊరికి మారుస్తారు. అక్కడ కొత్తగా కడుతున్న టవర్లలో పని, బండితో అవసరం లేదు. రైల్లో ఒక పూటంతా ప్రయాణం.

పోతే పోనీ అనుకోవడానికి అతను నాకు ఉత్త స్టూడెంటు కాదు. చలికాలం నుంచీ కాదు. ఇంతకంటే వివరంగా డైరీలో కూడా రాయను.

మార్చి 5, బుధవారం

నిర్ణయించుకున్నాను. లోపం డ్రైవింగులో లేదు, మనిషిలో ఉంది. ముందు మనిషిని బాగుచెయ్యాలి.

మెతకతనం. అదీ జబ్బు. ఆదివారం వస్తే చాలు, అపార్ట్‌మెంటులో ఒకరి ఫ్యాను, ఒకరి మిక్సీ, ఒకరి పిల్లాడి సైకిలు, అన్నీ ఇతని నెత్తినే. మొన్న సినిమాకి మేము వెళ్ళేసరికి ఇంటర్వెల్. ఎవరిదో గీజరట. ఇంటర్వెల్ నుంచి చూస్తే కథ మనమే ఊహించుకోవచ్చు కదా అన్నాడు. నిజంగానే సంతోషంగా అన్నాడు.

సాయంత్రం అద్దం ముందు నిలబెట్టి, కుదరదు అనడం ప్రాక్టీసు చేయించాను. గట్టిగా, కళ్ళలోకి చూస్తూ అనమన్నాను. కుదరదండీ, రేపు పొద్దున వస్తే పర్లేదా అన్నాడు. అద్దంతో.

రెండు కొత్త చొక్కాలు కొన్నాను. వాటిల్లో కాస్త గట్టి మనిషిలా కనిపిస్తాడు. జుట్టు కూడా కత్తిరించుకోమన్నాను. అన్నిటికీ సరే మేడమ్ అంటాడు. ఇన్ని నెలలైనా నేనింకా మేడమ్‌నే, మీరునే. ఆ సరే కూడా మెత్తగా ఉంటుంది. దాని సంగతి తర్వాత చూడాలి.

మార్చి 9, ఆదివారం

అక్క వచ్చింది. కొత్త చొక్కాలో మెకానిక్‌ని ఎగాదిగా చూసి, నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి, మళ్ళీ మొదలెట్టావా తల్లీ అంది.

మొదలెట్టడమేమిటి అన్నాను. నా పాత ప్రేమల్ని లెక్కపెడుతూ అక్క వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. ఫోటోగ్రాఫర్ చేత నేనే సిగరెట్లు మాన్పించాను. ఊపిరి బాగా ఆడేసరికి అతను పొద్దున్నే పరుగెత్తడం మొదలుపెట్టాడు. పక్కన పరుగెత్తే అమ్మాయిని చేసుకున్నాడు. బ్యాంకతను వాళ్ళమ్మతో ఏళ్ళ తరబడి మాటల్లేకుండా ఉంటే, బతిమాలి బామాలి ఇద్దర్నీ కలిపాను. కలిసిన సంతోషంలో ఆవిడే అతనికి సంబంధం చూసింది. పెళ్ళి భోజనం బావుంది, అది వేరే విషయం.

నువ్వు ఇంట్లో కూడా బడే నడుపుతున్నావే, నేర్పిస్తావు, పాసవుతారు, పోతారు అంది అక్క. కాస్త మెల్లిగా మాట్లాడవే అన్నాను. మెకానిక్ హాల్లో కూర్చుని పాత పత్రిక తిరగేస్తున్నాడు. మా వంటింటికి తలుపు లేదు, నా ఖర్మ.

ఇతను వేరు అన్నాను. ప్రతిసారీ అదే అంటావు అంది.

మార్చి 11

ఇవాళ అన్ని గీతల దగ్గరా ఆగాడు. అంగుళం అటూ ఇటూ లేదు. ఎంతైనా నా పాఠం పాఠమే.

మార్చి 13, గురువారం

వాళ్ళ మేనేజర్ని ఇంకో నెల గడువు అడగమని పంపాను. ఎలా అడగాలో, ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు పెంచాలో అన్నీ నేర్పి పంపాను. తిరిగొచ్చాడు. గడువు రాలేదు. మేనేజర్ ఇంట్లో వాషింగ్ మెషిన్ చూడటానికి ఒప్పుకుని వచ్చాడు. తల పట్టుకున్నాను. పాపం మోటార్ కాలిపోయినట్టుందండీ అన్నాడు. మేనేజర్ మీద కాదు, మెషిన్ మీద జాలి.

మార్చి 16, ఆదివారం. సాయంత్రం ఆరు

ఇంటికి రాగానే రాయడానికి కూర్చున్నాను.

అక్కకి బజార్లో పని ఉందంటే, క్లాసుకి వెళ్తూ దింపుతాం రమ్మన్నాను. వెనక సీట్లో మధ్యన కూర్చుని, మా ఇద్దరి మధ్యనుంచి తల ముందుకు పెట్టింది. మా స్కూలు కారులో నేర్పేవాళ్ళ వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. రెండూ లోపల కలిసే ఉంటాయి. నేను తొక్కితే నేర్చుకునేవాళ్ళ వైపు పెడలు కూడా కిందికి దిగుతుంది. ప్రమాదం వస్తేనే తొక్కాలి. అది మా బళ్ళో మొదటి రూలు.

మొదటి సిగ్నల్ దగ్గర కారు గీత ముందు చక్కగా ఆగింది. చూశావా అన్నాను అక్కతో గర్వంగా. రెండో సిగ్నల్ దగ్గరా అలాగే ఆగింది. మూడోది రాగానే అక్క పకపకా నవ్వడం మొదలుపెట్టింది. అతను ఎక్కడ ఆపుతున్నాడే, నువ్వే కదా తొక్కుతున్నావ్, నీ కాలు చూసుకో అంది.

కిందికి చూశాను. నా పాదం బ్రేకు మీద ఉంది. పూర్తిగా. ఎప్పుడు పెట్టానో నాకే తెలియదు.

నేను కాదన్నాను. కాలు కనబడుతూనే ఉంది, అయినా కాదన్నాను. మెకానిక్ కారు పక్కకి తీసి ఆపాడు. ఆపింది అతనో నేనో ఇప్పటికీ అనుమానమే. నాకు మొదటి వారం నుంచే తెలుసు మేడమ్ అన్నాడు. తను తొక్కేలోపే పెడలు దానంతట అదే కిందికి పోతుందట. పోనిస్తూ వచ్చాడట. అందుకే నేను లేనప్పుడు అతని కాలికి ఎప్పుడు తొక్కాలో తెలియడం లేదు. ఎవరో ఒకరు ఆపుతారని చూస్తుంది, ఆలోపు గీత దాటిపోతుంది.

తెలిసీ చెప్పలేదా! నోరు పారేసుకున్నాను. టెస్టులు పోతున్నా, వ్యాన్ పోతున్నా, ఊరొదిలి వెళ్ళాల్సి వస్తున్నా నోరు విప్పవా, ఇంత చేతగానితనమేమిటి, నిన్ను బాగుచెయ్యడం ఆ దేవుడి వల్ల కూడా కాదు అన్నాను. అక్క భుజం గిల్లుతున్నా ఆగలేదు.

అంతా విన్నాడు. రౌండు దగ్గర బండ్లకి దారి ఇచ్చినట్టే నా మాటలన్నిటినీ పోనిచ్చాడు. తర్వాత, చెప్తే కాలు తీసేస్తారేమోనని చెప్పలేదు అన్నాడు. నా గురించి ఒక మనిషి అంత కంగారు పడుతుంటే బావుంది అన్నాడు. అక్కడితో ఆపినా సరిపోయేది. ఆపలేదు. అందర్నీ బాగుచేసి పంపించేస్తావట కదా, మరి నన్ను ఎక్కడికి పంపిస్తున్నావు అన్నాడు.

నన్ను నువ్వు అనడం అదే మొదటిసారి.

తాళం చెవి నా చేతిలో పెట్టి, అక్కకి వెళ్ళొస్తానని చెప్పి, బస్సెక్కి వెళ్ళిపోయాడు. ఎక్కేటప్పుడు కూడా అందర్నీ ముందు ఎక్కనిచ్చాడు. ఏడుపొచ్చింది.

మార్చి 17

ఫోన్ లేదు. నేనూ చెయ్యలేదు. చేసి ఏం చెప్పాలి?

మార్చి 18, మంగళవారం. ఉదయం

నిన్నటి నుంచి నా కాలి మీదే నా కన్ను.

మొదటి క్లాసు కాలేజీ అమ్మాయిది. కారుని డివైడర్ వైపు పోనిచ్చింది. నా కాలు కదల్లేదు. నోటితో చెప్పాను, సర్దుకుంది. తర్వాత రిటైరైన హెడ్మాస్టారు. ఆయన ఏకంగా పాల వ్యాన్ మీదికే బయల్దేరారు. అప్పుడు ఒక్కసారి తొక్కాను, అంతే. అందరి దగ్గరా నా కాలు బుద్ధిగా ఉంది. మెకానిక్ పక్కన కూర్చుంటేనే అది నా మాట వినదు.

సిగ్గేసింది. బాగుచేస్తున్నాననుకున్నాను ఇన్నాళ్ళూ. బాగుచెయ్యడమా నా బొంద! అది భయం. అతనికేమన్నా అవుతుందేమో, అతను వెళ్ళిపోతాడేమో అని. నాకు అతనంటే ఎంత ఇష్టమో నాకంటే ముందు నా కాలికి తెలిసింది.

మార్చి 19, బుధవారం

అతను పనిచేస్తున్న చోటికే వెళ్ళాను.

ఆఫీసుల బిల్డింగు. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఇరుక్కుని ఉంది. మూడో అంతస్తులో తలుపు సగం తెరిచి, ముందు పసుపు రంగు అడ్డు పెట్టారు. లోపల కింద ఎక్కడో స్పానర్ చప్పుడు. ఫైళ్ళు పట్టుకుని కొందరు నిలబడి ఉన్నారు. మెట్లు పక్కనే ఉన్నాయి, ఎక్కరు.

అడ్డుకి ఇవతల నిలబడి ఆ సందులోకి అరిచాను. నిన్ను బాగుచెయ్యాల్సిన అవసరమేమీ లేదు, నాకు భయమేసి అలా చేశాను, చేతగానివాడివి అనడం తప్పు, ఆ చొక్కాలు వేసుకుంటే వేసుకో లేకపోతే లిఫ్టు తుడుచుకో, నువ్వు ఎక్కడికీ వెళ్ళకు, నాకు నువ్వు ఇక్కడే కావాలి అన్నాను. చివరి మాట కింద దాకా మోగింది. ఫైళ్ళ వాళ్ళలో ఒకావిడ ముక్కు చీదుకుంది.

స్పానర్ చప్పుడు ఆగింది. అయిపోయింది అనుకున్నాను. అప్పుడు కిందనుంచి, చొక్కాలు బావున్నాయి, నీలంది మాత్రం చంకల్లో పట్టేస్తోంది అని వినిపించింది. ఇంకాసేపటికి, రేపు క్లాసు ఆరింటికేనా అని.

మార్చి 22, శనివారం

ఊరి చివర ఖాళీ గ్రౌండులో ప్రాక్టీసు. నా సీట్లో బాసింపట్టు వేసుకుని కూర్చుంటున్నాను. కాళ్ళు కిందికి దించితే నా మీద నాకు నమ్మకం లేదు.

మొన్న మొదటి గంట నరకం. వరసగా పెట్టిన ప్లాస్టిక్ కోన్లన్నిటినీ గుద్దేశాడు. ఒకటి కారు కింద ఇరుక్కుని మాతోపాటే తిరిగింది. నేను పెదవి కొరుక్కుని, రెండు చేతులతో నా కాళ్ళు నేనే పట్టుకుని కూర్చున్నాను. ఒక్క మాట అనలేదు. ఇంత కష్టమైన పని నేను పుట్టి బుద్ధెరిగాక చెయ్యలేదు.

ఇవాళ్టికి ఆపడం వచ్చింది. సొంతంగా. గీతకి బాగా ముందే ఆపుతాడు, ఎవరైనా దాటాలేమోనని చూస్తాడు, తర్వాత కదులుతాడు. నేనైతే అలా ఆపను. నేను ఆపకపోతే ఏమైంది?

మార్చి 25, మంగళవారం

అతని గదికి వెళ్ళాను. మంచం మీద పెట్టె తెరిచి ఉంది, సగం సర్దాడు. మేనేజర్ సిద్ధంగా ఉండమన్నాడట. ఎందుకైనా మంచిదని అన్నాడు, నా మొహం చూడకుండా. బట్టలన్నీ ఉండలు చుట్టి పెట్టాడు. మామూలుగా అయితే అన్నీ తీసి మళ్ళీ మడత పెట్టేదాన్ని. ముట్టుకోలేదు. ఆ పెట్టె సర్దడంలో నా చెయ్యి ఉండకూడదు.

మార్చి 28, శుక్రవారం. ఉదయం పదిన్నర

గేటు బయట నిలబడి రాస్తున్నాను. లేకపోతే గోళ్ళు మిగలవు.

చొక్కా గుండీ ఒకటి తప్పించి పెట్టుకున్నాడు. నేను చెప్పలేదు. నా సీట్లో ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు. గీతల దగ్గర ఆగాడు. అన్నిటి దగ్గరా. ఇప్పుడు రౌండు. ఆగాడు. లారీ పోయింది. స్కూటరు పోయింది. ఇద్దరు పిల్లల్ని పట్టుకుని ఒకావిడ దాటింది. ఇంకా ఆగే ఉన్నాడు. వెళ్ళు నాయనా, నీకు పుణ్యం ఉంటుంది. ఇంకో స్కూటరు. వెళ్ళు.

వెళ్ళాడు.

పదకొండు

పాస్! పాస్! పాస్!

మీరు ఆగడం కాస్త ఎక్కువేగానీ, ఎందుకు ఆగారో, ఎప్పుడు కదలాలో మీకు తెలుసు అన్నాడట ఇన్‌స్పెక్టర్. గుండీ సంగతి కూడా ఆయనే చెప్పాడట. గేటు దగ్గరే నలుగురి ముందూ వాటేసుకున్నాను. హెడ్మాస్టారు కూడా టెస్టుకి వచ్చారు, పాపం మొహం తిప్పుకున్నారు.

సాయంత్రం

స్కూలు మా బాబాయ్‌ది. మెకానిక్ పాసయ్యాడని చెప్తే, ఇంకేం, వీడూ పోయినట్టే, పాసైనవాళ్ళెవరూ మళ్ళీ మన వైపు తిరిగి చూడరమ్మా అన్నాడు. మామూలుగా అనే మాటే. నవ్వాను. ఇంటికి వచ్చాక నవ్వు రాలేదు.

ఏప్రిల్ 1

వ్యాన్ ఇచ్చారు. పొద్దున వెళ్తే చీకటి పడ్డాకే ఇల్లు చేరడం. మెసేజ్‌లు ఉన్నాయి. మనిషి లేడు.

ఏప్రిల్ 4, శుక్రవారం

చూసి వారమైంది. ఊరంతా లిఫ్టులే, అన్నీ ఇప్పుడే చెడిపోవాలా? అక్క ఫోన్ చేసి, ఇదేం పద్ధతి, నువ్వు గట్టిగా అడగవేం అంది. బాగుచెయ్యొద్దన్నది ఈవిడే.

కూర్చుని పెద్ద మెసేజ్ టైపు చేశాను. టైమ్ ఎలా ప్లాన్ చేసుకోవాలో, ముందు ఏ ఏరియా చూసుకోవాలో, మనిషన్నాక బాధ్యత ఉండాలని, అన్నీ. మొత్తం చెరిపేశాను. నిన్ను చూడాలని ఉంది అని పంపాను.

ఈ మూడు మాటలకి ఇంత బతుకు పట్టింది.

ఏప్రిల్ 6, ఆదివారం

పొద్దున్నే వ్యాన్ వేసుకుని వచ్చాడు. ఎటైనా వెళ్దాం రా అన్నాడు. ఎక్కాను. మా వీధి మలుపు తిరగడం గుర్తుంది.

కళ్ళు తెరిచేసరికి ఎక్కడో రోడ్డు పక్కన ఆగి ఉన్నాం. నా మొహం మీద ఎండ పడకుండా అద్దానికి తన తువ్వాలు కట్టాడు. బాగా నిద్రపోయావు, లేపబుద్ధి కాలేదు అన్నాడు. ఇంకొకరు నడుపుతుంటే బండిలో నిద్రపోవడం నాకు ఇదే మొదలు.

ఇంకాస్త దూరం పోనీ అని, మళ్ళీ కళ్ళు మూసుకున్నాను.