సున్నాకి రాని కాటా

ఒరేయ్ సుధాకర్,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మనిద్దరం చేసిన ఎలక్ట్రానిక్ కాటా, పెట్టిన మిర్చి టిక్కీని, అదే బస్తాని, దించేసినా సున్నాకి రాకపోతే, "ఏరా, ఇదా నువ్వు రాసిన ప్రోగ్రాం?" అని గుంటూరు యార్డులో హమాలీల ముందే అరిచావు. ప్రోగ్రాంను మధ్యలో ఆపి లోపల చూపించే డీబగ్గర్ కాటాలోని ప్రాసెసర్‌కి లేదు కాబట్టి తప్పెక్కడుందో చూపించలేకపోయాను.

పీసీ డీబగ్గర్‌నే ఏడాదిగా దానికి తగ్గట్టు మారుస్తూ కూర్చున్నాను. ప్రాసెసర్ లోపల లెక్కలు దాచుకునే రిజిస్టర్ల వివరాలు నీ నోట్‌బుక్‌లో సగమే ఉన్నాయి. మిగతావి ఒక్కొక్కటే తవ్వుకున్నాను. ఇవాళ మొదటిసారి ప్రోగ్రాం నేను ఆపమన్న చోట ఆగింది. దించిన బరువును చెరపకుండా వదిలేసిన లైను దొరికింది. అది నువ్వు రాసిన ముక్క. పైన నీ పేరు కూడా పెట్టుకున్నావు.

తప్పు నీదేరా. దమ్ముంటే వచ్చి కాదను.