రెండు అని చెప్పిన నొప్పి

ఖరగ్‌పూర్

దాలమ్మక్కకు, తమ్ముడు గోవిందరావు నమస్కరించి రాసేది. ఇక్కడ నేనూ, కళ్యాణీ, పిల్లలూ క్షేమం. బావగారి దగ్గు తగ్గిందని తలుస్తాను. ఫోన్ చేయొచ్చు గానీ, నా గొంతు వినగానే సగం కనిపెట్టేస్తావు. అందుకే ఉత్తరం.

వేళకు తింటున్నానా అని అడిగావు. తింటున్నాను, కళ్యాణి ఊరుకోదు కదా. దెబ్బ తిన్న మోకాలికి వ్యాయామం చేయించే పిల్ల కసురుతుందా అన్నావు. లేదక్కా, బంగారం లాంటి పిల్ల. నిమ్‌పురాలో ఉండే మన అప్పలకొండ మనవరాలు, శ్రావణి. టోటో, అదే బ్యాటరీ రిక్షా, దిగి ఆసుపత్రిలోకి కుంటుకుంటూ వెళ్లగానే కూర్చోబెట్టి, చేతికి బీపీ పట్టీ చుట్టి, మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెడుతుంది. తరువాత, "పదికి ఎంత నొప్పి బాబాయ్?" అంటుంది. నేను రోజూ "రెండు" అనేవాణ్ణి. నా మాట నమ్మి కాలికి కట్టే బరువు పెంచుతూ పోయింది.

పోయిన సోమవారం నాడి రెండుసార్లు లెక్కపెట్టింది. "నోటితో రెండంతన్నావు, నాడి నూటపన్నెండు కొడతంది. బీపీ వారం వారం పెరుగుతంది. ఏటి మింగుతన్నావు బాబాయ్?"

"ఏటీ నేదమ్మా," అన్నాను. ఆ పిల్ల చెయ్యి వదల్లేదు. "నువ్వు దాస్తే నాను తప్పు బరువు కడతాను. మోకాలు మల్లీ పోతాది."

నీ దగ్గరా దాచాను, క్షమించు. నెలన్నరగా అక్కడికి వెళ్లేముందు రెండేసి నొప్పి మాత్రలు మింగుతున్నాను. నువ్వు వద్దన్నవే. రైల్వేలో ఇరవై ఏడేళ్లు వ్యాగన్ల కింద దూరి పనిచేసినవాణ్ణి, మోకాలు కుదరలేదంటే గేటు దగ్గర కాపలాకు కుర్చీ వేసి కూర్చోబెడతారని భయం.

"డాక్టరు గారికి నువ్వే సెప్పు, నాను పక్కన నిలబడతాను," అంది. అన్నట్టే నిలబడింది. ఆయన మాత్రలు ఆపించి రక్తపరీక్ష చేయించారు. కిడ్నీలు బాగానే ఉన్నాయి. సమయానికి పట్టుకుంది, ఆ పిల్ల చల్లగా ఉండాలి. కానీ ఫిట్ సర్టిఫికెట్ ఇంకో రెండు నెలల దాకా ఇవ్వరు. ఒకటో తారీఖున డ్యూటీలో చేరతానని రాశాను, చేరటం లేదక్కా. తిట్టు, దిగులు మాత్రం పడకు.

నిన్న మాత్ర లేకుండా వెళ్లాను. కాలు ఎత్తగానే ప్రాణం లాగేసింది. పళ్లు బిగించుకోబోయి "అబ్బా!" అనేశాను. శ్రావణి వెంటనే కాలు కింద చెయ్యి పెట్టి బరువు విప్పేసింది. అంత తేలిగ్గా ఆపేస్తారని నాకు ఇన్నాళ్లూ తెలియదక్కా.

ఇట్లు,
నీ చేతుల్లో పెరిగిన తమ్ముడు
గోవిందరావు