ఉగ్గుగిన్నె అటక మీద పెట్టు

తోర్వా, బిలాస్‌పూర్.

సరోజక్కకి, నీ చెల్లి గౌరి రాస్తున్నది. నువ్వు, బావ, అమ్మ, నా చిన్ని అంతా ఆరోగ్యంగా ఉన్నారనే అనుకుంటున్నాను. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వుకోకు. నువ్వు ఫోనెత్తగానే స్పీకరు పెట్టేస్తావు, పక్కనే అమ్మ ఉంటుంది. ఇది అమ్మ వినకూడని సంగతి. ఒక్కదానివే కూర్చుని చదువు.

ఎండలు మండిపోతున్నాయి. రైల్వే క్వార్టర్ ఇంకా రాలేదు, ఈ ఒంటిగదిలోనే సర్దుకుంటున్నాం. ఆయన గూడ్సు బండి ఎక్కితే మళ్లీ ఎప్పుడు దిగుతారో ఆయనకే తెలియదు. వండుకుంటున్నాను, వేళకి తింటున్నాను, బెంగపెట్టుకోకు. ఎవరైనా ఇటు వస్తుంటే కాసిని ఎండుచేపలు, నెత్తళ్లు పంపు. పాలు మాత్రం నాకింకా పూర్తిగా ఆగలేదక్కా. వార్డులో ఏ పిల్ల ఏడ్చినా జాకెట్టు తడిసిపోతుంది. కాన్పు సెలవు అయిపోయింది, నర్సు డ్యూటీలో చేరాలని ఐదు నెలల పిల్లని నీ ఒడిలో పెట్టి వచ్చినదాన్ని, ఎవరి దగ్గర ఏడవను?

పోయిన వారం మా ఆసుపత్రి పిల్లల వార్డుకి ఒక బాబు వచ్చాడు. మెదడువాపు జ్వరం. వాడికీ ఐదు నెలలే, ఆరు కిలోలు, అచ్చం చిన్నిలాగే తొడల మీద మడతలు. తల్లి కూడా జ్వరంతో రాజ్‌కిశోర్ నగర్‌లో ఇంట్లో పడి ఉంటే నాయనమ్మ తోడు వచ్చింది. మన వైపు మనిషే. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి ఈ రైల్వే క్వార్టర్లలోనే బతికినా నోరు విప్పితే శ్రీకాకుళమే. నా మాట వినగానే "ఏటి తల్లీ, మనోళ్లేనేటి" అని చెయ్యి పట్టుకుంది. మామ్మా అని పిలిచాను.

పసిపిల్లలకి సెలైను పెద్దవాళ్లకి ఎక్కించినట్టు ఎక్కించరక్కా. బరువు తూచి లెక్క కట్టాలి. మొదటి పది కిలోల దాకా కిలోకి రోజుకి వంద మిల్లీలీటర్లు, ఆపైన పది కిలోలకి యాభై చొప్పున. ఆ బాబుకి ఆరు వందలు వస్తాయి. కానీ ఈ జబ్బులో ఒళ్లు నీళ్లని వదలదు, మెదడు ఇంకా ఉబ్బుతుంది. అందుకని డాక్టరు గారు అందులోనూ కొంత కోసేయమన్నారు. ఒంట్లోకి ఎంత వెళ్లింది, డైపరు తూచితే ఎంత వచ్చింది, అంతా చూసుకునేది నేనే. నోట్లో ఏమీ వేయవద్దని మామ్మకి చెప్పింది కూడా నేనే. "అచ్ఛా తల్లీ, నానేటీ పెట్టన్లే" అంది.

మర్నాడు మధ్యాహ్నం బాబుకి ఫిట్స్ వచ్చాయి. పరీక్ష చేస్తే రక్తంలో ఉప్పు బాగా పడిపోయింది. ఒంట్లో నీళ్లు ఎక్కువైతే అది అలా పల్చబడిపోతుంది. డాక్టరు గారు నా లెక్క మళ్లీ మొదటినుంచి చూశారు, తప్పు లేదు. మామ్మని నెమ్మదిగా అడగమన్నారు. అడిగితే ఆవిడ బొడ్లోంచి వెండి ఉగ్గుగిన్నె తీసింది.

"పెదాలు ఎండిపోతన్నాయి తల్లీ. సేతికి సూది గుచ్చి ఎక్కిత్తే నోరెలాగ తడుస్తాది? నువ్వటు ఎల్లినప్పుడల్లా గిన్నెడు నీల్లు పట్టినాను. పాలు కాదు, ఏటీ కాదు. నీల్లు కూడా లెక్కేనేటి?"

వెంటనే డాక్టరు గారికి చెప్పాను. ఉప్పు ఎక్కువున్న సెలైను పెట్టారు, చేయగలిగినవన్నీ చేశారు. మర్నాడు పొద్దున్న బాబు పోయాడు.

జబ్బే పెద్దది, నీళ్ల వల్లేనని తేల్చి చెప్పలేమన్నారు డాక్టరు గారు. మామ్మకి ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పాల్సినదాన్ని నేనే, నేనూ చెప్పలేదు. గుడ్డలో చుట్టిన బాబుని ఒళ్లో పెట్టుకుని ఆవిడ నన్నే అడిగింది, "దాహంతో పోలేదు కదా తల్లీ?" అని.

"లేదు మామ్మా" అన్నాను.

అక్కా, ఈ బాబు రాకముందు ఫోనులో నువ్వే చెప్పావు. ఎండలకి చిన్ని నాలుక ఎండుతోందని అమ్మ మాటిమాటికీ ఉగ్గుగిన్నెతో నీళ్లు పడుతోందని, డబ్బా పాలు వేడి చేస్తాయని పల్చగా కలుపుతోందని. అప్పుడు సరేలే అనుకున్నాను. ఇప్పుడు ఆ మాటే చెవిలో తిరుగుతోంది. నీ కాళ్లు పట్టుకుంటాను, ఆపించు. దానికి కావలసిన నీళ్లన్నీ ఆ పాలల్లోనే ఉన్నాయి. డబ్బా మీద రాసిన కొలతకి మించి ఒక్క చెంచా నీళ్లు కూడా కలపకండి. దాహమనిపిస్తే ఇంకాసిని పాలే పట్టండి. గిన్నె తీసి అటక మీద పెట్టేయ్. అమ్మ అలిగితే నా పేరే చెప్పు, నాలుగు తిట్లు నన్నే తిట్టుకోనీ.

ఈ మామ్మ సంగతి మాత్రం అమ్మ చెవిన పడనీయకు. మన తమ్ముడు నెలల బిడ్డగా వేసవి జ్వరంలో ఫిట్స్ వచ్చి పోయినప్పుడు అమ్మ చేతిలో ఉన్నది ఆ గిన్నే. వాడు ఎందుకు పోయాడో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ఇన్నేళ్లూ అమ్మ ఒక్క మాట పట్టుకుని బతుకుతోంది, చివరిదాకా వాడి నోరు ఎండనివ్వలేదని.

అమ్మకీ బావకీ నా దండాలు. చిన్నికి ముద్దులు. మీ దీవెన దానికీ నాకూ ఉండాలి. ఇది చదివి పొయ్యిలో పడేయ్. గిన్నె పైన పెట్టాక "పెట్టాను" అని ఒక్క మెసేజ్ చెయ్యి, అంతవరకు నాకు నిద్ర పట్టదు.

నీ చెల్లి,
గౌరి